వెతకడం కూడా ఒక విద్యే
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్నెట్‌లో సమాచారాన్ని వెతికే పద్ధతిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. ఉర్దూ మీడియం పంతులుకు ఈ విషయంతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. కాని వెతకడమనేది యంత్రం విద్య కాకముందు కితాబుల విద్య. అందులో మన పెద్దలు బాగా చేయి తిరిగినవారు.

పదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో ఇబ్న్ అల్ నదీమ్ అనే పుస్తకాల వ్యాపారి ఉండేవాడు. అరబ్బీ భాషలో అప్పటికి వచ్చిన గ్రంథాలన్నిటికీ ఒక జాబితా తయారు చేయాలని ఆయన పూనుకున్నాడు. హిజ్రీ 377లో, అంటే క్రీస్తు శకం 987లో, రాసిన ఆ గ్రంథం పేరు 'అల్ ఫెహ్రిస్త్'. మతం, వ్యాకరణం, కవిత్వం, వైద్యం, గణితం అంటూ విషయాల వారీగా దానిని పది భాగాలు చేశాడు. ఏ విషయం మీద ఎవరు ఏ పుస్తకం రాశారో అందులో చూసుకోవచ్చు. ఆ గ్రంథాలలో చాలా భాగం ఈనాడు లేవు, వాటి పేర్లు మాత్రం ఫెహ్రిస్త్ పుణ్యమా అని మిగిలాయి. అంతకు ముందు తొమ్మిదవ శతాబ్దంలో అదే బాగ్దాదులో పనిచేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుండే 'అల్గారిథమ్' అన్న మాట పుట్టింది. సెర్చి యంత్రాలు ఈనాడు నడిచేది ఆ అల్గారిథమ్ మీదనే. కనుక ఈ విద్య మనకు పరాయిది కాదని మొదట మనవి చేస్తున్నాను.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహులైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. వాటిలో ఒకటి చదువరి కాలాన్ని వృథా కానీయకూడదన్నది. ఇక్కడే మన సమస్య ఉన్నది. ఈ రోజు మన పిల్లల చేతిలో ఫోనున్నది, అందులో లోకమంతా ఉన్నది. అయినా తమకు కావలసిన ఒక్క కాగితం దొరక్క రోజులు పోగొట్టుకుంటున్నారు, కొందరు డబ్బు కూడా పోగొట్టుకుంటున్నారు.

సెర్చి యంత్రం ఏం చేస్తుందో ముందు తెలుసుకుందాం. 1990లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో 'ఆర్చీ' అనే సాధనం తయారైంది. తర్వాత 1994లో యాహూ, 1995లో ఆల్టావిస్టా, 1998లో గూగుల్ వచ్చాయి. మీరు ప్రశ్న అడగగానే యంత్రం లోకమంతా తిరిగి వెతుకుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. అది ముందుగానే వెబ్‌పేజీలన్నీ తిరిగి, ఏ మాట ఏ పేజీలో ఉన్నదో రాసి పెట్టుకుంటుంది. పుస్తకం చివర అకారాది సూచిక ఉంటుంది చూడండి, అలాంటిదే. మనం అడిగినప్పుడు అది చూసేది ఆ సూచికనే. సూచికలోకి ఎక్కని పేజీ లోకంలో ఉన్నా మనకు కనబడదు.

ఇక ఏది ముందు చూపాలి, ఏది వెనుక చూపాలి అన్నదానికి దానికి చాలా లెక్కలున్నాయి. వాటిలో ఒకటి, ఒక పేజీ వైపు ఎన్ని ఇతర పేజీలు దారి చూపుతున్నాయి అన్నది. బస్తీలో అందరూ ఒకే హకీం గారి దగ్గరికి పంపుతుంటే ఆయన మంచి హకీం అయి ఉంటాడని మనం అనుకోమా? ఇదీ అంతే. కాని పేరున్న ప్రతి హకీం చేతి మందూ మంచిదే అని చెప్పలేము గదా. పైగా డబ్బు కట్టి పైకెక్కిన ప్రకటనలు కూడా ఉంటాయి. వాటి మీద 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాలతో ఉంటుంది. మొదట కనబడింది గనుక నిజమని మాత్రం అనుకోవద్దు.

ఇప్పుడు వెతికే పద్ధతికి వద్దాం. మొదటిది, మాట. మన పేర్లనే తీసుకోండి. ఒకే మనిషి పేరు రేషను కార్డులో ఎండీ అని, స్కూలు సర్టిఫికెట్టులో మొహమ్మద్ అని, పాత దస్తావేజులో ముహమ్మద్ అని ఉంటుంది. షేక్, షైక్, షేఖ్. సయ్యద్, సయ్యిద్, సైయద్. మనిషికి ఇవన్నీ ఒకటే, యంత్రానికి మాత్రం వేరు వేరు అక్షరాలు. భూమి రికార్డులోగాని ఓటరు జాబితాలోగాని తాతగారి పేరు వెతికేటప్పుడు ఒక్క రాతతో దొరకలేదని లేచి రాకండి. ఎన్ని రకాలుగా రాసే వీలున్నదో ముందు కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కటే వేసి చూడండి.

ఉర్దూలో వెతికేవారికి ఇంకొక చిక్కు ఉన్నది. 'కాఫ్', 'యే' అక్షరాలకు కంప్యూటరులో అరబ్బీకి ఒక సంకేతం, ఉర్దూకు ఒక సంకేతం. కంటికి దాదాపు ఒకటిగానే కనబడతాయి. పెద్ద సెర్చి యంత్రాలు ఈ తేడాను చాలావరకు సర్దుకుంటాయి, చిన్న లైబ్రరీల కేటలాగులు సర్దుకోలేకపోవచ్చు. ఉర్దూ కీబోర్డుతో దొరకనిది అరబ్బీ కీబోర్డుతో దొరకవచ్చు. అదీగాక పాత ఉర్దూ పేజీలు చాలావరకు ఫోటోలుగా పెట్టినవి. కాతిబు చేతిరాత ఫోటోలో మనకు అక్షరాలు కనబడతాయి గాని, చాలాచోట్ల యంత్రానికి బొమ్మ మాత్రమే కనబడుతుంది.

రెండవది, చోటు. అంతా ఒక్క గూగుల్‌నే అడగనక్కర లేదు. బియ్యానికి ఒక దుకాణం, మందులకు ఒక దుకాణం ఉన్నట్లే దీనికీ వేరు వేరు చోట్లున్నాయి. పరిశోధన వ్యాసాలకు 2004లో మొదలైన గూగుల్ స్కాలర్ ఉన్నది. మన దేశపు విశ్వవిద్యాలయాలలో సమర్పించిన సిద్ధాంత గ్రంథాలకు 'శోధ్‌గంగ' ఉన్నది. ఖరగ్‌పూర్ ఐఐటీ వారు నిర్మించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉన్నది. వైద్య విషయాలకు పబ్‌మెడ్ ఉన్నది. ఉర్దూ పాఠ్యపుస్తకాలు కావలసినవారికి ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి.

ఉర్దూ సాహిత్యానికి 2013లో వచ్చిన 'రేఖ్తా' ఉన్నది. స్కాన్ చేసిన పాత గ్రంథాలకు 1996లో అమెరికాలో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నది. మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలు కూడా అందులో లక్షల్లో ఉన్నాయి. అయితే వాటి పేర్లు చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాలలో తప్పులతో ఎక్కాయి. పుస్తకం పేరుతో దొరక్కపోతే రచయిత పేరుతో, ప్రెస్సు పేరుతో, అచ్చయిన సంవత్సరంతో వెతకాలి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూలోనే సైన్సు, వైద్యం చెప్పేవారని, అందుకోసం దారుల్ తర్జుమా పండితులు గ్రంథాలు అనువదించారని మన పిల్లలలో ఎందరికి తెలుసు? ఆ గ్రంథాలు కొన్ని ఈనాడు ఇంట్లో కూర్చుని తెరిచి చూడవచ్చు.

మూడవది, తేదీ. ఇది మన విద్యార్థులు ముఖ్యంగా వినాలి. ఎం.ఫిల్., పీహెచ్‌డీ చేసే మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను ఆపివేస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో పార్లమెంటులో చెప్పింది. ఒకటి నుండి ఎనిమిది తరగతుల వారికి మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పు కూడా 2022-23 నుండి ఆగిపోయింది. విదేశీ చదువుల రుణంపై వడ్డీ రాయితీ ఇచ్చే 'పఢో పర్‌దేశ్' కూడా అప్పుడే పోయింది. అయినా వెతికి చూడండి. దరఖాస్తు చేసుకోండి అంటూ పాత పేజీలు ఇప్పటికీ వస్తాయి. కొన్నింటిలో ఫీజు కూడా అడుగుతారు. పిల్లవాడు ఆశతో నింపుతాడు, తండ్రి రిక్షా సంపాదనలోంచి డబ్బు తీసి ఇస్తాడు. అందుచేత పేజీ ఏ తేదీదో ముందు చూడండి. సెర్చి డబ్బాలో మీ మాటల పక్కన సైట్ అనే ఇంగ్లీషు మాట, రెండు చుక్కలు, ఆ వెంటనే ప్రభుత్వ వెబ్‌సైట్ల చివర ఉండే జీఓవీ డాట్ ఇన్ రాస్తే ప్రభుత్వ పేజీలు మాత్రమే వస్తాయి. ఒక వాక్యం ఉన్నది ఉన్నట్లుగా కావాలంటే దానిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. మాయమైన పాత పేజీ కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి 'వేబ్యాక్ మెషీన్'లో చూడాలి. ఒకవేళ ఎవరైనా మోసంతో డబ్బు లాగితే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, సనద్. మన ముహద్దిసులు ఒక హదీసు విన్నప్పుడు మాట బాగున్నదా అని మాత్రమే చూసి ఊరుకోలేదు. నీకెవరు చెప్పారు, ఆయనకెవరు చెప్పారు, ఆయన జ్ఞాపకశక్తి ఎలాంటిది, ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నారా అని అడిగారు. ఇమామ్ బుఖారీ గారు ఆ పనికోసం దేశాలు తిరిగారు. వచ్చిన వార్తను విచారించుకోమని సూరా హుజురాత్‌లో అల్లాహ్ ఆజ్ఞ ఉన్నది. ఇంతటి వారసత్వం ఉన్న మనం పొద్దున లేచి వాట్సప్‌లో వచ్చిన హదీసును, పుస్తకం పేరు లేకపోయినా, నంబరు లేకపోయినా యాభైమందికి పంపుతున్నాం. ఇది న్యాయమేనా? సున్నహ్ డాట్ కామ్ వంటి చోట హదీసు నంబరు వేస్తే నిమిషంలో దొరుకుతుంది. దొరక్కపోతే ఆలింను అడగండి. తెలిసే వరకు పంపకండి. షుగరు జబ్బుకు కషాయం, గుండెనొప్పికి చిట్కా అంటూ వచ్చేవాటికి కూడా ఇదే నియమం.

ఈమధ్య మాటలతో జవాబిచ్చే కృత్రిమ మేధ యంత్రాలు వచ్చాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత పిల్లలు హోంవర్కంతా దానితోనే చేయిస్తున్నారు. మంచి సాధనమే, కాదనను. కష్టమైన పాఠాన్ని సులువుగా చెబుతుంది, ఉర్దూ నుండి తెలుగులోకి మారుస్తుంది. కాని తెలియని చోట కూడా తెలిసినట్లే చెబుతుంది. అమెరికాలో న్యూయార్కు నగరంలో ఇద్దరు వకీళ్లు అది కల్పించిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 2023లో ఐదు వేల డాలర్ల జుర్మానా పడింది. వకీళ్ల సంగతే అలా ఉంటే పదో తరగతి పిల్లవాని సంగతి చెప్పాలా? అది ఒక పుస్తకం పేరు చెబితే, ఆ పుస్తకం ఉన్నదో లేదో లైబ్రరీ కేటలాగులో చూసుకోండి.

చివరగా సంఘానికి మూడు విన్నపాలు. మన ఆఫీసు గదిలో ఒక కంప్యూటరు, దానివద్ద వారానికి రెండు సాయంత్రాలు కూర్చునే చదువుకున్న యువకుడో యువతో ఉండాలి. యువతి ఉంటే ఆడపిల్లలు, తల్లులు సంకోచం లేకుండా వచ్చి అడుగుతారు. రెండవది, ఎవరు ఏమడిగారు, జవాబు ఎక్కడ దొరికింది అని ఒక రిజిస్టరులో రాయాలి. ఒకరికోసం వెతికినది మరుసటివారికి సిద్ధంగా ఉంటుంది. మూడవది, మన ఇళ్ళ అటకల మీద తాతల నాటి ఉర్దూ, పార్సీ పుస్తకాలు, వక్ఫ్ కాగితాలు, చేతిరాత ప్రతులు చెదల పాలవుతున్నాయి. పాత కాగితమని తూకానికి అమ్మేవారు కూడా ఉన్నారు. వాటిని చదవగల పెద్దలు మన మధ్య ఉన్నప్పుడే పేరు, రచయిత, సంవత్సరం, ఎవరి ఇంట్లో ఉన్నది అనే నాలుగు గడులతో జాబితా రాసుకుందాం. చదవగలవారు వెళ్ళిపోయిన తర్వాత అట్టమీద ఏమున్నదో చెప్పేవారు కూడా ఉండరు. ఎవరూ ఎక్కించని పుస్తకాన్ని ఏ సెర్చి యంత్రమూ చూపలేదు. ఇబ్న్ అల్ నదీమ్ ఒక్కడే అంత పని చేసినప్పుడు, ఇన్ని కుటుంబాలున్న మన సంఘం ఒక్క బస్తీ ఫెహ్రిస్త్ రాయలేదా?

సెలవులలో ఈ పనికి నేనూ నా తొమ్మిదో తరగతి పిల్లలూ సిద్ధంగా ఉన్నాం. పుస్తకాలు చూపించేవారు తమ పేర్లను కార్యదర్శి గారి వద్ద నమోదు చేయించుకోవలసిందిగా కోరుతున్నాను.