మన విస్తరిలోని దేశదేశములు



మనము భుజించునదంతయు మన నేలలో పుట్టినదేయని తలంచుచుందుము. విస్తరిలోని పదార్థముల నొక్కొక్కదానిని "నీ దేయూరు?" అని ప్రశ్నించితిమేని వచ్చు సమాధానములు మిక్కిలి వింతగ నుండును.

మొదట మిరపకాయను జూడుడు. మన సీమలో కారము లేని ముద్ద లేదు. అయినను దాని జన్మభూమి అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ ఖండమున కేగిన పిదపను, 1498లో వాస్కోడగామా కళ్లికోటకు వచ్చిన పిదపను, పోర్చుగీసువారి యోడలలో నది మన తీరము జేరినది. మన రాజంపేట చెంతనున్న తాళ్లపాకలో జనించిన అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. కావున నా మహనీయుని యింట కూరకు కారమిచ్చినది మిరియమే గాని మిరప గాదు. మిరియమువలె కారము గలది గనుకనే క్రొత్తకాయకు మిరపకాయ యను పేరు గలిగెనని పెద్దలందురు.

నీరు పోయువారు లేకయే కొండవాలున కాయు సీతాఫలమును సీతమ్మవారు వనవాసమున నారగించిన పండని పల్లెలలో చెప్పుదురు. దాని పుట్టినిల్లును అమెరికాయే. పరదేశపు పండునకు జానకి పేరిడి మనవారు దానిని ఇంటి ఆడపడుచును జేసికొనిరి.

వేరుసెనగ దక్షిణ అమెరికాది. దీని పువ్వు నేలకు పైన పూచును. పిందె కట్టునపుడు దాని మొదటినుండి యొక ఊడ బయలుదేరి మంటిలో దిగును. కాయ యచ్చట ఊరును. కావున నది వేరును గాదు, సెనగయు గాదు.

చింతచెట్టు ఆఫ్రికాది. మన దేశమున దానిని జూచిన అరబ్బులు "తమర్ హింద్", అనగా హిందూదేశపు ఖర్జూరమనిరి. ఆంగ్లేయులు నా పేరునే గైకొనిరి. జొన్న, సజ్జ, రాగి యను మూడును వేల యేండ్ల క్రిందట ఆఫ్రికానుండి వచ్చినవి. కొఱ్ఱకు మూలస్థానము చీనా దేశము.

మఱి మనవి యేవి? ఉలవ, పెసర, అండుకొఱ్ఱ మనవి. బళ్లారి సమీపమున సంగనకల్లు వద్ద సుమారు 4000 ఏండ్లనాటి నవీన శిలాయుగపు నివాసములలో నీ గింజలు మాడి మసియై దొరకినవి. మన శేషాచలపు అడవులలో సారచెట్టు గలదు. పాయసములో వేయు సారపప్పు దాని గింజలోనిదే. ఆంగ్లేయులు దానిని "కడప బాదము" అనిరి. లోకమున మన జిల్లా పేరును మోయు తినుబండారము మఱియొకటి నే నెఱుగను.

ఇంత చెప్పుట వినోదమునకు గాదు. 1876 మొదలు 1878 వఱకు నీ సీమను దహించిన ధాత కరువులో జనులు నాగజెముడు పండ్ల ముండ్లు రాల్చి తిని ప్రాణములు నిలుపుకొనిరి. ఆ జెముడును అమెరికానుండి వచ్చినదే. ఆపదలో అన్నము పెట్టినదానిని పరదేశిదని త్రోయదగునా? అట్లే చేలనిండ వేరుసెనగయే వేసి, మెట్టకు తగిన అండుకొఱ్ఱను ఉలవను మఱచుటయు తగదు. ఒక్క పంటనే నమ్మిన రైతునకు ఒక్క వాన తప్పినను ఇల్లు గడవదు. పది విధముల గింజలు గలవానికి ఏదో యొకటి చేతికందును. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. లోకము మన గింజల గొప్ప గుర్తించినపుడు మన గాదెలలో నవి లేకుండుట సిగ్గుచేటు గాదా?

సారచెట్టు గతియు నిట్లే యున్నది. ఇతరులకంటె ముందుగ కోయవలెనను తొందరలో పచ్చికాయలు దూయుదురు, కొమ్మలు నఱకుదురు. పచ్చికాయలో పప్పు నిండదు. ఆ గింజ మొలవదు. కాయ పండువఱకు ఓర్చి, కొన్నిటిని పక్షులకును నేలకును విడిచినచో అడవి తనంతట తాను నిలుచును.

పూర్వము మన యిండ్లలో విత్తనములను బూడిదలో కలిపి కుండలలో దాచి, ఎంత కష్టమున్నను ఆ కుండను ముట్టెడివారు కారు. గృహిణులారా! ఈ యేడు మీ యింట నొక కుండ అండుకొఱ్ఱలకును, నొక కుండ ఉలవలకును కేటాయింపుడు. వచ్చిన అతిథిని ఆదరించుట మన ధర్మమే. ఇంట బుట్టినవానిని పస్తుంచుట మాత్రము ధర్మము గాదు.