సోరియాసిస్ కీళ్లవాతము: తీవ్రతను కొలుచుట ఎట్లు?
(ప్రసంగ పాఠము)



చర్మముపై ఎఱ్ఱని మచ్చలు లేచి, వానినుండి వెండివలె తెల్లని పొలుసులు రాలు వ్యాధిని సోరియాసిస్ అందురు. ఇది అంటువ్యాధి కాదు. కుష్ఠు అసలే కాదు. ఈ మాట చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు నేటికిని చెప్పవలసియే వచ్చుచున్నది. అయితే నేడు మేము ముచ్చటింపదలచినది చర్మమును గూర్చి కాదు. ఈ వ్యాధి గలవారిలో నూటికి 20 నుండి 30 మంది వరకు కీళ్లవాతము కూడ కలుగును. దానిని గూర్చి మనవి చేసెదము.

పెక్కుమందికి ముందు మచ్చలు వచ్చి, కొన్ని ఏండ్లకు, ఒక్కొక్కప్పుడు పదేండ్లకు, కీళ్లు పట్టును. అందుచే ఆ రెంటికిని సంబంధము గలదని రోగి తలంపడు. మచ్చలకు ఒకరివద్ద లేపనము, నొప్పులకు మఱియొకరివద్ద సూది! 2006లో చికున్‌గున్యా వ్యాపించిన పిమ్మట మన సీమలో ఏ కీలు నొచ్చినను నెపము దానిమీదనే వేయుట పరిపాటి యైనది. ఈ వాతమునకు గుర్తులు వేఱుగా గలవు. ఒక వ్రేలు మొదలునుండి కొసవరకు అరటిపండువలె ఉబ్బును. గోళ్లపై సూదిమొనతో పొడిచినట్లు గుంటలు పడును. ఉదయము లేచి అడుగు పెట్టగనే మడమ నొచ్చును. తెల్లవాఱి బిగిసియున్న నడుము పనిచేసినకొలది సడలును.

ఒళ్లంతయు మచ్చలున్నవాడే పెద్ద రోగి యని మనము భావింతుము. అది నిజము కాదు. తలవెండ్రుకల మాటున ఒక్క మచ్చ గలవానికిని వ్రేళ్ల ఎముకలు అరిగి వంకరపోవచ్చును. అందువలననే వైద్యులు చర్మమునకు ఒక కొలత, కీళ్లకు ఒక కొలత ఏర్పఱచుకొనిరి. కీళ్ల కొలతలలో 'దాప్సా' యనునది యొకటి. 68 కీళ్లను నొక్కి ఎన్ని నొచ్చునో, 66 కీళ్లను చూచి ఎన్ని వాచినవో లెక్కింతురు. తుంటికీళ్లు లోతున నుండుటచే వాని వాపు చేతికి తెలియదు; అందుకే ఆ రెండు తక్కువ. పిదప నొప్పి 10కి ఎంత, మొత్తముమీద బాధ 10కి ఎంత యని రోగినే అడుగుదురు. రక్తములో సి.ఆర్.పి. అను పరీక్ష ఫలితమును చేర్చి అన్నిటిని కూడుదురు. మొత్తము 4 మించకున్న వ్యాధి అణగియున్నట్లు. 28 దాటినచో తీవ్రమైనట్లు.

ఇందు రోగి నోటిమాటకు 20 అంకెలు కేటాయింపబడినవని గమనింపుడు. మన స్త్రీలేమో, ఆవు పొదుగు పట్టుటకు వ్రేళ్లు మడవలేకున్నను, వైద్యుడడిగినప్పుడు "ఏదో, బాగానే ఉండాను సామీ" అందురు. ఆ మర్యాద వలన అంకె తగ్గును. అంకె తగ్గిన మందును తగ్గును. వైద్యునియెదుట ఓర్పు చూపనక్కఱలేదు. ఉన్నబాధ ఉన్నట్లు చెప్పవలెను.

ఐర్లండులోని డబ్లిన్ వైద్యులు 283 మంది రోగులను పరీక్షించి 2015లో ఒక సంగతి ప్రకటించిరి. నొప్పి మొదలైన 6 నెలలలోపల కీళ్లవైద్యుని చూచినవారికంటె, ఆలస్యము చేసినవారికి ఎముకలు హెచ్చుగా దెబ్బతిని, పనిచేయు శక్తి తగ్గెను. అరిగిన ఎముకను మందు తిరిగి నిలుపజాలదు. 1960లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధమైన రుయా ఆసుపత్రి తిరుపతిలోనే గలదు, స్విమ్స్ గలదు, చిత్తూరువారికి వేలూరు దూరము కాదు. గోళ్లకు రంగు పూసికొనక, పాత చీటీలన్నియు వెంట గొనిపోవలెను.

ఒక హెచ్చరిక. తెలియక స్టెరాయిడ్ సూదులు వేయించుకొనినచో, మానినంతనే మచ్చలు విజృంభింపవచ్చును. వైద్యులు తఱచుగా వ్రాయు మెథోట్రెక్సేట్ మాత్ర వారమునకు ఒక్కదినము మాత్రమే వాడవలసినది. దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులు వాడరాదు. ఏ వారమో చీటీపై తెలుగున వ్రాయించుకొనుడు. శనివారమైన మఱియు మంచిది; మన ప్రాంతమున శనివారమును మఱచువారుండరు.