చలికాలమేల వచ్చును?

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



గత పుష్యమాసమున నేనొక గ్రామమునకు వెళ్ళియుంటిని. రామాలయము ప్రక్కన పంచాయతీవారు పెట్టించిన సోలారు దీపము రాత్రి మూడు గంటలకే ఆరిపోవుచున్నదనియు, వేకువనే పాలకేంద్రమునకు పోవు స్త్రీలు చీకటిలో నడువవలసి వచ్చుచున్నదనియు సభ్యులు చెప్పిరి. వేసవి అంతయు అది తెల్లవారువరకు వెలిగినదట. బ్యాటరీ చెడినదని నిశ్చయించి, క్రొత్తది కొనుటకు తీర్మానము కూడ సిద్ధము చేసిరి. అంతలో ఒక వృద్ధ సభ్యుడు, "చలికాలములో సూర్యుడు దూరముగా పోవును గదా, దీపము మాత్రమేమి చేయును?" అనెను. అందరును నవ్విరి గాని, ఆ మాట తప్పని చెప్పినవారు లేరు. నేటి నా ప్రసంగమునకు ఆ మాటయే కారణము.

సూర్యుడు దూరమగుటవలన చలికాలము వచ్చుట లేదు. భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా ఉండునది జనవరి మొదటి వారముననే. అప్పటి దూరము సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జులై మొదటి వారమున అది 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లగును. అనగా మనము కంబళి కప్పుకొను దినములలోనే సూర్యుడు మనకు దాపున ఉన్నాడు! మారిషస్‌లోను, దక్షిణాఫ్రికాలోను స్థిరపడిన మన తెలుగువారు సంక్రాంతి పండుగను వేసవిలో చేసికొందురు. వారున్నదియు ఈ భూమిమీదనే, సూర్యునికి ఈ దూరముననే.

మరి కారణమేమి? భూమి ఒరిగియున్నది. ఒక నిమ్మపండునకు చీపురుపుల్ల గ్రుచ్చి, పుల్లను కొంచెము వాల్చి, వెలుగుచున్న దీపము చుట్టు త్రిప్పి చూడుడు. పుల్ల పైకొన ఎల్లప్పుడు ఉత్తరపు గోడవైపే ఉండవలెను, అది ముఖ్యము. దీపమునకు ఒక ప్రక్కనున్నప్పుడు పండు పైసగము దీపమువైపు వంగును. ఎదుటి ప్రక్కకు వచ్చునప్పటికి అదే సగము దీపమునుండి తొలగి యుండును. భూమి అక్షము 23½ డిగ్రీలు ఒరిగి, కొన ధ్రువనక్షత్రమువైపు నిలిపి, సంవత్సరమున కొకమారు సూర్యుని చుట్టివచ్చును. డిసెంబరులో మన ఉత్తరార్ధము సూర్యునినుండి తొలగియుండును. అందుచే ఎండ ఏటవాలుగా పడును, పగలు తగ్గును.

నా మాట నమ్మనక్కరలేదు. పంచాయతీ కార్యాలయపు ఆవరణలో సమతలమైన చోట 100 సెంటీమీటర్ల కఱ్ఱను నిలువుగా పాతించుడు. మన పూర్వపు జ్యోతిష్కులు దీనినే శంకువనిరి. విజయవాడ ప్రాంతమున డిసెంబరు 21, 22 తేదీలలో మధ్యాహ్నపు నీడ ఉత్తరముగా సుమారు 84 సెంటీమీటర్లు పడును. మార్చి 21 నాటికి అది 30 సెంటీమీటర్లకు తగ్గును. మే మొదటి వారమున ఒకనాడు నీడ కఱ్ఱ మొదటనే మాయమగును. జూన్ 21న దక్షిణమునకు తిరిగి 12 సెంటీమీటర్లుండును. డిసెంబరు నీడ ఆదిలాబాదులో 94, చిత్తూరులో 74 సెంటీమీటర్లుండును. ఉత్తరమునకు పోయినకొలది ఎండ ఏటవాలగును.

ఏటవాలైన ఎండ ఎక్కువ నేలమీద పరచుకొనును. నెత్తిమీది సూర్యుడు ఒక గజము నేలకు ఇచ్చు ఎండను డిసెంబరు మధ్యాహ్నము దాదాపు గజమున్నర పావు తక్కువ నేల పంచుకొనును. దీనికి తోడు అక్కడ జూన్‌లో 13 గంటలకు పైగానున్న పగలు డిసెంబరులో 11 గంటల 10 నిమిషములకు దిగును. పగలు పుచ్చుకొన్నది తక్కువ, రాత్రి పోగొట్టుకొన్నది ఎక్కువ. మబ్బులేని పొడిరాత్రులలో నేల వేడి మరింత త్వరగా పోవును. సముద్రము తన వేడిని నిలుపుకొనును గావున బందరులో లేని చలి ఆదిలాబాదులో ఉండును.

పెద్దలు సంక్రాంతినుండి ఉత్తరాయణమందురు. పగలు పెరుగుట మాత్రము డిసెంబరు 22 ప్రాంతమునుండియే మొదలగును. సుమారు పదునేడు వందల ఏండ్ల క్రిందట రెండును ఒకే కాలమున వచ్చెడివి. భూమి అక్షము బహు మెల్లగా దిశ మారుటచే, నక్షత్రముల లెక్కపై జరుగు సంక్రాంతి 72 ఏండ్లకు సుమారొక దినము చొప్పున వెనుకబడినది. 1957లో అమలైన జాతీయ పంచాంగమున పుష్యమాసము డిసెంబరు 22న ఆరంభమగుట ఈ లెక్కచేతనే. పండుగను మార్చుకొనవలసిన పనిలేదు. వీధిదీపముల వేళలను మాత్రము పండుగనుబట్టి నిర్ణయింపరాదు. ఇంకొక చిత్రము: మనవైపు ప్రొద్దు అన్నిటికంటె త్వరగా క్రుంకునది నవంబరు చివరి దినములలో, ఆలస్యముగా పొడుచునది జనవరి మూడవ వారమున. సంక్రాంతి వెళ్ళిన తరువాతకూడ వేకువదీపమును ముందుగా ఆర్పరాదు.

ఇక ఆ రామాలయపు దీపము సంగతి. స్తంభమునకు ఎనిమిదడుగుల దూరమున, దక్షిణముగా, ఒక వేపచెట్టు కలదు. స్తంభమును నాటినది చైత్రమాసమున. అప్పుడు నడినెత్తి సూర్యుడు; చెట్టునీడ చెట్టుక్రిందనే ఉండెను. స్థలము బాగున్నదని అందరును మెచ్చుకొనిరి. సోలారు పలక కంటె చెట్టు పదునైదడుగులు ఎత్తు. పుష్యములో ఆ పదునైదడుగుల నీడ మధ్యాహ్నవేళ కూడ పండ్రెండడుగులు దాటి ఉత్తరమునకు సాగి, సరిగా పలకపైననే పడుచున్నది. చార్జి తక్కువ, వెలుగవలసిన రాత్రి దీర్ఘము. బ్యాటరీయందు ఏ దోషమును లేదు. క్రొత్త బ్యాటరీ వేసినను మూడు గంటలకే ఆరిపోయెడిది. పంచాయతీ సొమ్ము వృథాయయ్యెడిది.

కొమ్మలు నరుకుదమని ఒకరనిరి. గుడివేపను ముట్టరాదని మరియొకరు. ఈ వాదము దీపముకంటె ఎక్కువసేపు వెలిగినది. తుదకు స్తంభమునే పెకలించి చెట్టునకు దక్షిణపు ప్రక్కన నాటించిరి. పలకను దక్షిణాభిముఖముగా, ఊరి అక్షాంశముకంటె కొంచెమెక్కువ వాలుతో బిగించిరి. ఖర్చు రెండు దినముల కూలి, కొంత సిమెంటు. బ్యాటరీ తీర్మానమును తరువాతి సమావేశమున రద్దుచేసిరి.