‘చివరకు మిగిలేది’ చదివిన తర్వాత

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిస్తే డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల మాటే ఎక్కువ. ఈసారి కార్యదర్శిగారు ఒక పుస్తకం గురించి చెప్పమన్నారు. నేను విమర్శకుణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళ మీద నోట్లు రాసిన గుమాస్తాను. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ నవల గురించి నాకు తోచినంత మనవి చేస్తాను.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో ఏలూరులో పుట్టారు. రేడియోలో ఉద్యోగానికి వెళ్ళకముందు కొంతకాలం మన అనంతపురంలో ఇంగ్లీషు అధ్యాపకులుగా పనిచేశారు. ఈ నవల 1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆయన 1967లో పోయారు. పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు.

కథానాయకుడు దయానిధి డాక్టరు. అతని తల్లి మీద లోకం ఒక నింద వేసింది. తల్లి పోయినా ఆ నింద పోలేదు. కొడుకు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంట వచ్చింది. తల్లిని ప్రేమించాలో, ఆమె గురించి సిగ్గుపడాలో అతనికి తేలదు. కోమలి, అమృతం, ఇందిర, ఎవరు ఎదురైనా ఆ తేలని లెక్క మధ్యలో అడ్డం వస్తుంది. పెళ్ళాడిన ఇందిరతో కూడా కాపురం సాగదు. చివరకు ఊరు వదిలి మన రాయలసీమకు వస్తాడు. ఇక్కడ అతనికి వజ్రం దొరుకుతుంది, మనశ్శాంతి దొరకదు. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో నేల చూస్తూ నడిచే జనాన్ని ఎరిగిన మనకు ఈ భాగం చదువుతుంటే సొంత ఊరి సంగతిలాగే ఉంటుంది.

ఇది తేలికగా చదివే పుస్తకం కాదు. జరిగే సంగతులు తక్కువ, మనసులో నడిచే ఆలోచనలు ఎక్కువ. నాకు పదిహేను రోజులు పట్టింది. ఒక లోటు కూడా కనిపించింది. తల్లి గురించి కొడుకు పడే బాధంతా ఉంది గాని, ఆ తల్లి ఏం అనుభవించిందో ఆమె మనసులోంచి మనకు తెలియదు. ఆమెను కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు. ఈ సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. ఎందుకో చెప్పాలి.

నా చిన్నతనంలో వచ్చిన కరువులో మా నాయన కూలికని బెంగళూరు దిక్కు పోయి, రెండేండ్లు జాబు లేదు, డబ్బు లేదు. మా అమ్మ శెనక్కాయల మండీలో గింజలేరే పనికి పోయేది. చీకటి పడ్డాక ఇల్లు చేరేది. ఊరి నోళ్ళు ఊరుకుంటాయా? బడిలో పిల్లలు నా మొహం మీదే అన్నారు. నాయన తిరిగి వచ్చాడు, సంసారం నిలబడింది, నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. కాని టౌనులో కాపురం పెట్టినాక అమ్మను నా ఇంటికి పిలవలేదు. ఎవరైనా అడిగితే “ఆమెకు పల్లెటూరే అలవాటు” అనేవాణ్ణి. ఆమె మాత్రం ఏటా జొన్నలు, శెనక్కాయలు పంపేది.

లైబ్రరీ నుంచి తెచ్చి ఈ నవల చదివింది నలభయ్యో ఏట. పుస్తకం తిరిగి ఇచ్చిన ఆదివారమే బస్సెక్కి ఊరికి పోయినాను. “నాతో రామ్మా” అన్నాను. అమ్మ కాసేపు ఊరుకుని, “ఆడ నీకు ఇబ్బంది కాదా నాయనా?” అంది. ఆ ఒక్కమాటతో తెలిసింది. నేను దాచుకున్నాననుకున్నదంతా ఆమెకు మొదటినుంచీ తెలుసు.

వచ్చింది. ఆరేండ్లు మా దగ్గరే ఉంది. మనవళ్ళను సాకింది. కాని ఆ రెండేండ్లు ఎట్లా గడిపావమ్మా అని నేను అడగలేదు. తప్పయిందని కూడా చెప్పలేదు. దయానిధి చేయనిది చేశాననుకున్నాను గాని, నేను చేసింది సగమే. మిగిలిన సగం నాతోనే ఉండిపోయింది.

అందుకే ఇక్కడికి వచ్చిన పిల్లలకు ఒక మనవి. కరువు అంటే వాన లెక్కలు, పంట నష్టం జాబితాలు మాత్రమే కాదు. ఆ జాబితాలు రాసినవాణ్ణి నేను. ఇంట్లో ఆడమనిషి మీద పడ్డ మాటను ఏ రిజిస్టరులోనూ రాయలేదు. మీ అవ్వలు, అమ్మలు ఇంకా ఉంటే పక్కన కూర్చుని అడగండి. చెబితే వినండి. చెప్పకపోతే బలవంతం చేయకండి, అడిగారన్న తృప్తి వాళ్ళకు మిగులుతుంది.

వీలైతే ఈ పుస్తకం చదవండి. రోజుకు పది పేజీలు చాలు. పెన్షనర్లకు తొందరేముంది?