చదువునకు ప్రేరణ: ఏది ముందు, ఏది వెనుక?

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇంట తెలుగు పలికి, కచ్చేరీలో కన్నడము వ్రాయు పావగడ తాలూకా వారికి బిడ్డ డిగ్రీలో చేరుట పెద్ద పండుగ. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లోను, తుమకూరు విశ్వవిద్యాలయము 2004లోను ఏర్పడినవి. అయినను, చేరిన పిమ్మట కొందరు బిడ్డలు ఉత్సాహము కోల్పోవుచున్నారు. విద్యార్థిని నడిపించు ప్రేరణలలో ఏది ముందు, ఏది వెనుక అనునదే నేటి విషయము.

మనలో పెక్కుమంది ఉద్యోగమును, జీతమును మొదట నిల్పుదురు. వానను, వేరుసెనగను నమ్ముకొన్న సీమలో ఈ కోరిక సహజము. కాని 1971లో ఎడ్వర్డ్ డెసి అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరిశోధన ఆలోచింపదగినది. ముక్కలు కూర్చు పజిల్‌ను పరిష్కరించినందుకు కొందరు కళాశాల విద్యార్థులకు డబ్బిచ్చిరి. డబ్బు ఆగిన పిమ్మట వారు తీరిక వేళ దానిపై మునుపటికన్న తక్కువ ఆసక్తి చూపిరి. తరువాత డెసి, రిచర్డ్ రయన్ కలిసి మనిషికి మూడు అవసరములు గలవనిరి: తన యిష్టముతో నడచుట, తాను చేయగలననెడి నమ్మకము, తనవారున్నారనెడి భావము.

మన పరిస్థితిని బట్టి మేము వరుస నిట్లు నిర్ణయించుచున్నాము. మొదటిది చేయగలననెడి నమ్మకము, రెండవది ఇష్టమైన విషయమును ఎన్నుకొను స్వేచ్ఛ, మూడవది గురువుల, మిత్రుల ఆదరణ, నాల్గవది జీతము, కడపటిది భయము.

నమ్మకమునకు అగ్రస్థాన మేల? తెలుగులో గణితము నేర్చిన బిడ్డ పి.యు.సి.లో ఇంగ్లీషు పాఠము వినునపుడు, లెక్క తెలిసియు మాట తెలియక మౌనము వహించును. ఆ మౌనమును మనము సోమరితనమందుము! డబ్బు బిడ్డను కళాశాల ద్వారము వరకు చేర్చును. లోపల నిలుపునది అర్థమగుటయే.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350ఎ అధికరణము చేర్చిరి. ఆ పునాదిపై కన్నడ, ఇంగ్లీషు పారిభాషిక పదములను హైస్కూలు నుండియే జోడించి నేర్పుట పాఠశాల బాధ్యత. ఇంటి బాధ్యత యింకను సులభము. “ఎన్ని మార్కులు?” అని అడుగుటకు ముందు “నేడు నీకేమి అర్థమైనది? మాకును చెప్పుము” అని అడుగుడు. అక్షరము రాని తల్లియు ఈ ప్రశ్న వేయగలదు. కోర్సు ఎన్నుకొను దినమున బిడ్డ మాటను పూర్తిగా వినుడు.

ఇవి రెండును జరిగిన, జీతము తన వంతున తాను వచ్చును.