మైఎస్‌క్యూఎల్ చేతులు మారినప్పుడు: కొన్నది ఏమిటి, కొనలేనిది ఏమిటి?

పోయిన ఎపిసోడ్‌లో జీపీఎల్ లైసెన్సు గురించి చెప్పుకున్నాం కదా. అది విన్నాక చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది: "ఓపెన్ సోర్స్ అంటే అందరిదీ అన్నారు, మరి దాన్ని ఒక కంపెనీ ఎలా కొంటుంది? కొంటే మాత్రం మనకేం పోయింది?" దీనికి మైఎస్‌క్యూఎల్ కథకి మించిన జవాబు నాకు తెలీదు. రెండేళ్ళలో రెండుసార్లు చేతులు మారిన డేటాబేస్ అది. రెండోసారి జరిగిన గొడవ మామూలుది కాదు.

మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్‌లో మొదలైంది. ముఖ్యంగా రాసినాయన మాంటీ విడేనియస్, ఫిన్లాండ్ మనిషి. పెద్ద కూతురి పేరు 'మై', ఆ పేరే డేటాబేస్‌కి పెట్టాడు. వెబ్‌సైట్లు పెరిగేకొద్దీ లినక్స్, అపాచీ, పీహెచ్‌పీలతో కలిసి ఇది కూడా ప్రపంచమంతా పాకిపోయింది. మన అమీర్‌పేటలోనూ అంతే. ఒక గదిలో ఒరాకిల్ డీబీఏ కోర్సు, పక్క గదిలో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ కోర్సు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. ఉచితంగా ఇచ్చే కంపెనీకి డబ్బు ఎలా వచ్చేది? సపోర్టు అమ్మేవాళ్ళు, అది ఒకటి. రెండోది, ఒకే కోడ్‌కి రెండు లైసెన్సులు. మీరొక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి, లోపల మైఎస్‌క్యూఎల్ కలిపి అమ్ముతున్నారనుకోండి. జీపీఎల్ ప్రకారం మీ కోడ్ కూడా బయటపెట్టాలి. పెట్టడం ఇష్టం లేదా? అయితే డబ్బు కట్టి వేరే లైసెన్సు తీసుకోండి. ఇలా రెండో లైసెన్సు ఇవ్వాలంటే కోడ్ మొత్తం మీద కాపీరైటు మీ దగ్గరే ఉండాలి. అందుకే బయటివాళ్ళు కోడ్ రాసిచ్చినా హక్కులు కంపెనీకి రాసివ్వాల్సి వచ్చేది. కోడ్ అందరిదీ, కాపీరైటు మాత్రం ఒక్కళ్ళది. అమ్ముడుపోయింది ఆ కాపీరైటు, ఆ పేరు, అక్కడ పనిచేసే మనుషులు.

2008 జనవరిలో సన్ మైక్రోసిస్టమ్స్ ఇవన్నీ కలిపి సుమారు 100 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు చెప్పింది. అప్పుడు ఎక్కువమంది సంతోషించారు. సన్ అప్పటికే జావాని జీపీఎల్ కింద ఇవ్వడం మొదలుపెట్టిన కంపెనీ, మనవాళ్ళే అన్న భావం ఉండేది. ఓపెన్ సోర్స్ చేసి కూడా ఇంత ధర పలకొచ్చా అని ఆశ్చర్యపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ కాపురం సాగలేదు. ఆ ఏడాది చివర్లో 5.1 వెర్షన్ విడుదలైతే, బగ్గులు మిగిలుండగా విడుదల చేశారని మాంటీ బహిరంగంగానే రాశాడు. 2009 మొదట్లో బయటికి వెళ్ళిపోయాడు. మైఎస్‌క్యూఎల్‌ని నడిపిన మార్టెన్ మికోస్ కూడా వెళ్ళిపోయాడు.

తర్వాత 2009 ఏప్రిల్ 20న అసలు వార్త వచ్చింది. సన్‌నే ఒరాకిల్ కొంటోంది, 740 కోట్ల డాలర్లకి. డేటాబేసులు అమ్మి పెద్దదైన కంపెనీ చేతికి, ఉచిత డేటాబేస్ వెళ్తోంది. భయం ఊరికే పుట్టలేదు, దానికో పాత లెక్క ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో లావాదేవీలు నమ్మకంగా నడవాలంటే ఇన్నోడీబీ అనే ఇంజిన్ కావాలి. దాన్ని చేసే చిన్న ఫిన్లాండ్ కంపెనీని ఒరాకిల్ 2005లోనే కొనేసింది. ఇంజిన్ ఎప్పుడో పోయింది, ఇప్పుడు బండి కూడా పోతోందన్నమాట.

అమెరికా ఆగస్టులో ఒప్పుకుంది. యూరోపియన్ కమిషన్ ఒప్పుకోలేదు, సెప్టెంబరులో లోతుగా విచారణ మొదలుపెట్టింది. అవతల సన్‌కి నెలకి 10 కోట్ల డాలర్లు నష్టం వస్తోందని ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ అన్నాడు.

నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇది. జీపీఎల్‌ని పుట్టించిన రిచర్డ్ స్టాల్‌మన్, ఈ కొనుగోలులో మైఎస్‌క్యూఎల్ ఒరాకిల్‌కి వెళ్ళకూడదని ఇంకొన్ని సంస్థలతో కలిసి కమిషన్‌కి లేఖ రాశాడు. అదే జీపీఎల్‌కి న్యాయపరంగా అండగా నిలిచిన ఎబెన్ మాగ్లెన్, వెళ్ళినా భయం లేదని తన అభిప్రాయం ఇచ్చాడు. ఇద్దరూ ఒకే లైసెన్సు పట్టుకుని రెండు వైపులా నిలబడ్డారు. మాగ్లెన్ మాట ఏంటంటే, యజమాని మారినా కోడ్ స్వేచ్ఛగా ఉండటానికే జీపీఎల్ ఉంది, ఎవరైనా ఆ కోడ్ తీసుకుని ముందుకు నడపొచ్చు. స్టాల్‌మన్ వైపు మాట: నడపొచ్చు, నిజమే, కానీ అలా విడిగా నడిపేవాడు రెండో లైసెన్సు అమ్ముకోలేడు, ఎందుకంటే కాపీరైటు వాడి దగ్గర లేదు. మరి జీతాలెవరిస్తారు?

నన్నడిగితే ఇద్దరిదీ నిజమే. ఒకరు కోడ్ గురించి మాట్లాడారు, ఇంకొకరు డబ్బు గురించి.

మాంటీ మైఎస్‌క్యూఎల్‌ని కాపాడండని సంతకాల సేకరణ మొదలుపెట్టాడు. దానికి వచ్చిన ఎదురుదెబ్బ మీరు ఊహించగలరు: "అమ్మి డబ్బు తీసుకున్నది నువ్వే కదా, ఇప్పుడు కొన్నవాడు వేరేవాడికి అమ్ముకుంటుంటే ఏడుపెందుకు?" మాటలో పస ఉంది. కాకపోతే, చెప్పేవాడికి స్వార్థం ఉన్నంత మాత్రాన చెప్పిన విషయం అబద్ధం అయిపోదు.

2009 డిసెంబర్ 14న ఒరాకిల్ పది హామీలు ప్రకటించింది. ముందు వచ్చే వెర్షన్లు కూడా జీపీఎల్ కింద ఇస్తాం, పరిశోధనకి ఖర్చు పెంచుతాం, ఇలాంటివి. గడువు ఐదేళ్ళు. 2010 జనవరి 21న కమిషన్ ఒప్పుకుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లాంటి ప్రత్యామ్నాయం ఉంది, ఫోర్కులు కూడా పోటీ ఇవ్వొచ్చు అని కారణం చెప్పింది.

తర్వాత ఏమైంది? చంపేస్తారన్నారు, చంపలేదు. 5.5, 5.6, 5.7, 8.0 వరసగా వచ్చాయి. ఇంజిన్, బండి ఒకే ఇంట్లోకి చేరడంతో ఇన్నోడీబీ బాగా మెరుగుపడింది, 5.5లో అదే డిఫాల్ట్ అయింది. ఇది ఒరాకిల్‌కి ఇవ్వాల్సిన మార్కు, ఇవ్వాలి. ఇంకోవైపు, 2011లో థ్రెడ్ పూల్ లాంటివి డబ్బు కట్టినవాళ్ళకే ఇచ్చారు. 2012లో బగ్ సరిచేసినప్పుడు దానితో వచ్చే కొన్ని టెస్టులు బయటపెట్టడం ఆపారు. పైకి కోడ్ కనిపిస్తూనే ఉంటుంది, తలుపు మాత్రం కొంచెం కొంచెంగా దగ్గరికి వేస్తారు. సన్ నుంచి వచ్చిన ఓపెన్‌సొలారిస్‌కి ఆ భాగ్యం కూడా లేదు, 2010లోనే ఆగిపోయింది. ఓపెన్ఆఫీస్ వాళ్ళు అదే ఏడాది బయటికొచ్చి లిబ్రేఆఫీస్ పెట్టుకున్నారు.

మాంటీ ఫోర్క్ పేరు మరియాడీబీ. చిన్న కూతురి పేరు మరియా. 2013లో ఫెడోరా దానికి మారింది, వికీపీడియా మారింది. మన తెలుగు వికీపీడియా కూడా ఆ సర్వర్ల మీదే కాబట్టి, ఈ తగువు ఫలితం మనమూ రోజూ వాడుతున్నాం. మాగ్లెన్ చెప్పినట్టే జరిగింది కదా అంటారా? ఆగండి. 2016లో మరియాడీబీ కంపెనీ తన మాక్స్‌స్కేల్ అనే ఉత్పత్తిని ఓపెన్ సోర్స్ కాని లైసెన్సుకి మార్చింది. 2022 చివర్లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజ్‌కి వెళ్ళింది. 2024లో కే1 అనే పెట్టుబడి సంస్థ దాన్ని కొనేసింది. ఇక్కడ స్టాల్‌మన్ వైపు అడిగిన జీతాల ప్రశ్నే మళ్ళీ తలుపు తట్టింది.

అయితే ఒక తేడా ఉంది. 2012లోనే మరియాడీబీకి విడిగా ఒక ఫౌండేషన్ పెట్టారు. కంపెనీ అమ్ముడుపోయినా ఫౌండేషన్ అమ్ముడుపోలేదు. మైఎస్‌క్యూఎల్‌కి 2008లో అలాంటిది లేదు.

కాబట్టి మీ ఆఫీసులో వాడే డేటాబేస్‌ని ఎవరో కొన్నారని వార్త వస్తే, లైసెన్సు ఒక్కటే చూసి ఊరుకోకండి. కాపీరైటు ఎవరి దగ్గరుంది, పేరు మీద హక్కు ఎవరిది, రోజూ కోడ్ రాసేవాళ్ళకి జీతం ఎంతమంది ఇస్తున్నారు, ఈ మూడూ చూడండి. ఒక్కరే అయితే, రెండో దారి ఇవాళే వెతకడం మొదలుపెట్టండి.

ఇందాక పోస్ట్‌గ్రెస్ పేరు వచ్చింది కదా. దాన్ని ఎవరూ ఒక్కసారిగా కొనలేకపోవడానికి కారణం ఏంటో, దాన్ని చేసే కంపెనీలని కొంటే ఏమవుతుందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను.