విద్యుత్సమాచార వ్యయము ఎవరు భరింపవలెను?

(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



దీపము వెలుగుటకు బొగ్గు, నీరు, తీగ కావలెనని అందఱు నెఱుగుదురు. సమాచారము కూడ కావలెనని పెక్కురెఱుగరు. ఎక్కడ నెంత ఉత్పత్తి యగుచున్నదో, ఎక్కడ నెంత ఖర్చగుచున్నదో ఎప్పటికప్పుడు తెలియకున్న గ్రిడ్డు నిలువదు. మన దేశమున దినమును పావుగంట కొకటి చొప్పున 96 భాగములు చేసి లెక్క నడుపుచున్నారు. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు-షోలాపూరు మార్గమున దక్షిణాది గ్రిడ్డు తక్కిన దేశముతో కలిసినది. నాటినుండి బెజవాడ లెక్క ఢిల్లీకిని, ఢిల్లీ లెక్క బెజవాడకును అక్కఱకు వచ్చుచున్నది.

ఈ రాకపోకలకు యంత్రములు కావలెను, మనుష్యులు కావలెను, ఖర్చు తప్పదు. పై అంతస్తున దానిని పంచుకొన్న తీరు చూడుడు. ప్రాంతీయ లోడ్ డిస్పాచి కేంద్రముల నిర్వహణ రుసుమును 2009లో కేంద్ర విద్యుత్ కమిషను నూటికి 10 పాళ్లు ప్రసార సంస్థలకును, 45 ఉత్పత్తిదారులకును, 45 పంపిణీ సంస్థలు మొదలగు కొనుగోలుదారులకును విధించినది. పెద్దలు తమలో తాము ధర్మముగనే పంచుకొనిరి.

క్రింది అంతస్తు కథ వేఱు. 2021లో కేంద్రప్రభుత్వము 25 కోట్ల స్మార్టు మీటర్లు పెట్ట సంకల్పించినది. ఈ మీటరు అరగంటకో పావుగంటకో ఇంటి వాడుకను వ్రాసికొని తనంతట తాను పంపును. కేంద్రసహాయము సాధారణ రాష్ట్రములకు మీటరు ఖర్చులో నూటికి 15. అదియు 900 రూపాయలకు మించరాదు. తక్కినదానికి గుత్తదారు పెట్టుబడి పెట్టి, నెలనెల మీటరు కింతయని పంపిణీ సంస్థవద్ద రాబట్టుకొనును. ఆ సంస్థ తన ఖర్చుల పద్దులో వ్రాయును. కమిషను అంగీకరించెనా, పద్దు మన బిల్లులోనికి దిగును.

లాభమెవరిది? పంపిణీ సంస్థకు దొంగకరెంటు పట్టుపడును, మీటరు చదువు కూలి మిగులును, ముందు చెల్లింపు పద్ధతియైన సొమ్ము వాడుకకు ముందే చేతికందును. ఉత్పత్తిదారునికి రేపటి గిరాకి మఱింత సరిగా తెలియును. వినియోగదారునికిని లాభము లేకపోలేదు, దాచనేల? అంచనా బిల్లుల బాధ తగ్గును. పగటి సౌరవేళలలో ధర నూటికి 20 అయినను తగ్గవలెనని 2023లో కేంద్రము నిబంధన చేసినది. కాని రెండు దీపములును ఒక పంకాయును గలవాడు ఏ వాడుకను పగటికి మార్చి ఎంత మిగుల్చుకొనును? బంగళాకైనను పెంకుటింటికైనను సమాచారము మోయు ఖర్చు ఇంచుమించు ఒక్కటియే.

బ్రిటనులో ఈ సమాచారము మోయు సంస్థకు 2013లో లైసెన్సు ఇచ్చిరి. దాని ఖర్చును కరెంటు అమ్ము సంస్థలతోపాటు తీగల సంస్థలును భరించుచున్నవి. అచ్చటను తుదకు బిల్లులోనికే వచ్చునని మే మెఱుగుదుము. అయినను ఎవరి వంతెంతయో కాగితముపై కానవచ్చును.

మీటరే వలదని మేమనుట లేదు. దొంగకరెంటు తగ్గి మిగిలిన సొమ్మును మొదట మీటరు ఖర్చునకు జమకట్టుడనుచున్నాము. మిగిలిన భారమును మీటర్ల లెక్కను గాక వాడుక లెక్కను పంచవలెను. మా యింటి లెక్క మాకు వెల లేక చూపవలెను. దానిని మఱియొకరికి మా అనుమతి లేక ఇయ్యరాదు.

2003 విద్యుత్ చట్టము 64వ సెక్షను ప్రకారము ధరల దరఖాస్తును ప్రకటింపవలెను; ప్రజల ఆక్షేపణలను ఆలోచించి కమిషను 120 దినములలో తేల్చవలెను. ఆ ప్రకటన పత్రికలలో చీమతలకాయలంత అక్షరములతో పడును. ఈసారి పడిననాడు దానిని కత్తిరించి ఈ మందిరపు గోడకు అంటింపుడు. స్మార్టు మీటర్ల పద్దు ఎంతయో, ఎదుట జమ ఏమైన చూపిరో చదివి, గడువులోపల ఆక్షేపణ పంపుడు. వ్రాయుటకు తోడు కావలసినవారు మా కార్యాలయమునకు రావచ్చును.